వేసవి నీటిపై మీనము

వేసవికాలమున తెల్లవాఱుజామున చెఱువుగట్టున నిలిచి చూచువారికి ఒక చిత్రము కనబడును. గాలి లేదు, వాన లేదు, రాయి విసరినవారును లేరు. అయినను నిశ్చలమైన నీటిమీద అక్కడక్కడ వలయములు పుట్టి, విరిసి, మాయమగుచుండును. పరికించి చూచినచో పెద్ద పెద్ద చేపలు పైకి వచ్చి, మూతులు మాత్రము నీటి వెలుపలికెత్తి, తెఱచుచు మూయుచు నుండుట తెలియును. జాలరికి ఇది నిత్యదృశ్యము. చేప ఏ ఋతువున, ఏ వేళ, ఏ లోతున, ఏమి కోరి సంచరించునో గమనించుటయందే గాలపు విద్య అంతయు ఇమిడియున్నది. ఒకనాడు రాజుల వినోదముగా నుండిన ఈ గమనిక శాస్త్రమై, ఆ శాస్త్రము జీవనోపాధియై, నేడు కోట్లమంది కంచములలోనికి చేరిన విధము మన చరిత్రలో పలువురు చదువని అధ్యాయము.

ఆ అధ్యాయమునకు తొలి పుటలలో నొకటి కల్యాణపురమున దొరకును. నేటి కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలో బసవకల్యాణమని పిలువబడు ఆ నగరము పశ్చిమ చాళుక్యుల రాజధాని. ఆఱవ విక్రమాదిత్యుని కుమారుడైన మూడవ సోమేశ్వరుడు 1127 ప్రాంతము మొదలు 1138 వఱకు అచ్చట రాజ్యమేలెను. విద్యలయందలి మక్కువచే అతనికి సర్వజ్ఞభూపుడను బిరుదు కలిగెను. 1130 ప్రాంతమున అతడు సంస్కృతమున రచించిన మానసోల్లాసము ఐదు వింశతులుగా, నూఱు అధ్యాయములుగా కూర్చిన విజ్ఞానసర్వస్వము. అందు రాజనీతితోపాటు పాకశాస్త్రమును, సంగీతమును, క్రీడలును చోటు చేసికొన్నవి. రాజోచితములైన వినోదములను వర్ణించు భాగమున మత్స్యవినోదమను ప్రకరణ మొకటి కలదు. సముద్రమునను మంచినీటను దొరకు ముప్పదియైదు రకముల చేపలను పేర్కొని, ఏ చేపకు ఏ మేత యిష్టమో, దానిని గాలముతో ఎట్లు పట్టవలెనో రాజు అందు వివరించెను. చేపను పట్టుటకు ముందు దానికి మేత వేయవలెను. మేత వేయుటకు ముందు దాని స్వభావమును తెలిసికొనవలెను. ఆ ప్రకరణము బోధించు నీతి యిదియే.

సోమేశ్వరుని కాలమున అనుమకొండయందు కాకతీయ రెండవ ప్రోలరాజు చాళుక్య సామంతుడై యుండెను. ప్రోలరాజు కుమారుడు రుద్రదేవుడు 1163 నాటికి స్వతంత్రుడయ్యెను. పాకాల, రామప్ప, లక్నవరము వంటి మహాతటాకములు ఆ వంశమువారి కాలమున వెలసినవే. మత్స్యవినోదమునకు గ్రంథము కల్యాణమున పుట్టగా, అందుకు తగిన విశాలజలములు కొలది తరములలోనే తెలుగునాట నిండినవి.

ఈ ప్రకరణమును ఆధునిక శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చినవాడు కేంద్రప్రభుత్వోద్యోగియే. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా 1951లో మత్స్యవినోదముపై ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. చేపల శాస్త్రమున దిట్టయైన ఆయన, ప్రాచీన భారతీయుల మత్స్యజ్ఞానమును ప్రత్యేకముగా పరిశోధించి వరుసగా వ్యాసములు వ్రాసెను.

ఇక చేపల సంగతి. మన చెఱువులలోని కార్పుజాతి చేపలలో ముఖ్యములైనవి మూడు. బొచ్చె చేపకు తల పెద్దది, నోరు పైకి తిరిగియుండును, మీసములుండవు. అది నీటి పైపొరలో తేలియాడు సూక్ష్మజీవులను వడగట్టి తినును. కోస్తాలో శీలావతి యనియు, తెలంగాణలో రవ్వ యనియు పిలువబడునది నడిమి నీటిలో తిరుగును. ఎఱ్ఱమోసు అడుగునేలను వెదకి మేయును. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానదీ మత్స్యములపై 1822లో ప్రకటించిన గ్రంథమున ఈ మూడింటికిని వంగదేశపు వాడుకపేళ్లనే అనుసరించి కట్ల, రోహిత, మృగాల అని శాస్త్రీయ నామము లిడెను. పల్లెవాని పలుకు పండితుని పుస్తకమున ఈ విధముగా స్థిరపడినది.

ఈ చేపలు వేసవిలో పైకి వచ్చుటకు రెండు కారణములు కలవు. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. రాత్రియంతయు నీటిమొక్కలును చేపలును దానిని వాడుకొనుటచే తెల్లవాఱునప్పటికి మిక్కిలి కొఱత యేర్పడును. అప్పుడు చేప ఊపిరికై పైకి వచ్చును. ఇది మొదటిది. ప్రొద్దెక్కిన పిమ్మట ఎండ తగులు పైపొరలో సూక్ష్మజీవులు విస్తరించును. గాలికి కొట్టుకొనివచ్చిన పురుగులును, గింజలును, తెట్టెయు ఒకవైపు గట్టునకు చేరును. వానికై వచ్చుట రెండవది. ఊపిరికై వచ్చిన చేప ఎర ముట్టదు. మేతకై వచ్చినదియే ముట్టును. ఈ భేదము నెఱుగనివాడు తెల్లవాఱుజామున గాలము వేసి, ఎదుట వందల మూతులు కనబడుచున్నను ఉత్తచేతులతో ఇల్లు చేరును.

నీటిపై గాలము వేయు విధము చూచుటకు సులభము, సాధించుటకు కష్టము. మరమరాలు గాని, రొట్టెముక్కలు గాని ముందుగా నీటిపై చల్లుదురు. గాలి వానిని తేల్చుకొనిపోవు దిక్కున చేపలు ఒకటొకటిగా వచ్చి మ్రింగ నారంభించును. అవి వెఱపు వీడినవని తోచిన పిమ్మట అట్టి ముక్కనే కొక్కెమునకు గ్రుచ్చి, బరువు కట్టక, సన్నని త్రాడుతో వదలుదురు. బొచ్చెకు మాత్రము ఈ పద్ధతి చాలదు. అది ముక్కలను ఏరి తినునది కాదు, నీటిని వడగట్టునది. కావున వేయించిన సెనగపిండి, తెలకపిండి కలిపిన ముద్దను బెండు క్రింద కొలది లోతుననే వ్రేలాడదీయుదురు. ముద్ద కరగి మేఘమువలె వ్యాపించును. ఆ మేఘమును పీల్చుచు వచ్చిన చేప నోట కొక్కెము చిక్కును. గట్టున అడుగుల చప్పుడు గాని, నీటిపై మనిషి నీడ గాని పడినచో అంతవఱకు పడిన శ్రమ యంతయు వ్యర్థము.

ఆంగ్లేయుల పాలనలో ఈ వినోదమునకు మరల గ్రంథములు పుట్టినవి. మదరాసు సివిల్ సర్వీసునకు చెందిన హెన్రీ సలివాన్ థామస్ 1873లో నదులలోని గాలపు వేటనుగూర్చి ‘ది రాడ్ ఇన్ ఇండియా’ను, 1887లో చెఱువులలోని వేటనుగూర్చి ‘ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ను ప్రకటించెను. వేటయందు ఎంత ఆసక్తియో, చేపజాతులను కాపాడుటయందును ఆయనకు అంత పట్టుదల యుండెను. నీటిలో విషము కలుపుటయు, ప్రేలుడు పదార్థములు వేయుటయు నేరములని విధించిన భారత మత్స్యచట్టము 1897లో అమలునకు వచ్చెను. వేటకాండ్రు, అధికారులు ఏండ్ల తరబడి చేసిన హెచ్చరికలు దానికి ముందు నడచినవి.

కొంతకాలమునకు పరదేశపు కార్పు వచ్చెను. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివాన్ 1820ల మధ్యకాలమున త్రవ్వించిన ఉదకమండలపు సరస్సులో 1939లో సింహళమునుండి తెచ్చిన కార్పులను వదలిరి. 1957లో బ్యాంకాకునుండి వచ్చిన మఱియొక తెగ మైదానపు వేడికి తగియుండుటచే దేశమంతట వ్యాపించెను. తెలుగువారు దానికి బంగారుతీగ యని ముద్దుపేరు పెట్టుకొనిరి. అది స్వభావమున అడుగున మేయునదియే. కాని వెచ్చని దినములలో పైకి వచ్చి తేలు ముక్కలను అందుకొనుటలో దానికి సాటి లేదు.

అదే సంవత్సరమున అంతకంటె గొప్ప సంఘటన జరిగెను. మన దేశీయపు కార్పులు చెఱువులలో పెరుగునే గాని గ్రుడ్లు పెట్టవు; వరదవేళ నదులలోనే పెట్టును. చేపపిల్లల కొఱకు ప్రతి యేడును నదిని వెదకవలసి వచ్చెడిది. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్ వద్ద కేంద్ర మత్స్యపరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి, తన సహచరులతో కలిసి, పిట్యూటరీ గ్రంథిరసమును సూదిద్వారా ఎక్కించి చేపలచే గ్రుడ్లు పెట్టించెను. నేడు ఆ దినమునే జాతీయ మత్స్యరైతు దినముగా జరుపుకొనుచున్నారు. విత్తనము చేతికి వచ్చినతోడనే గాలగాని ప్రాతజ్ఞానమునకు విలువ పెరిగెను. పైన మేయునది, నడుమ మేయునది, అడుగున మేయునది ఒకే చెఱువున కలిపి పెంచినచో నీటిలోని మేత యంతయు వినియోగపడును. మిశ్రమ మత్స్యసంవర్ధనము ఈ సూత్రముమీదనే నిలిచియున్నది.

ఈ విద్య తెలుగునాట పండినచోటు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల నీటిని గ్రహించి ఉప్పుటేరు మీదుగా సముద్రమునకు విడుచు ఈ సరస్సున లంకగ్రామముల జాలరులు తరతరములుగా వలలతో, మావులతో బ్రతికిరి. 1970ల మొదలు సరస్సుగర్భమున గట్లు లేచి చేపల చెఱువులు పెరిగెను. మంచుపెట్టెలలో బొచ్చెయు శీలావతియు కలకత్తాకును అస్సామునకును ప్రయాణము కట్టెను. దూరనగరములలో ఉద్యోగములు చేయు తెలుగువారు అంగడిలో కొను చేప పలుమాఱు తమ జిల్లాదే అయ్యెను. కాని సరస్సు కృశించెను. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమని ప్రకటింపబడెను. 2002లో రాంసార్ ఒప్పందపు జాబితాలో చేర్చబడెను. 2006లో అందలి గట్లను ప్రభుత్వము పగులగొట్టించెను. పక్షులకు నీరు దక్కెనని కొందఱు సంతోషించిరి. చెఱువులనే నమ్ముకొనిన పేదజాలరుల కుటుంబములకు మాత్రము అది కన్నీటి దినము. సరస్సు బ్రతుకవలెను, దానిమీద బ్రతుకువారును బ్రతుకవలెను. ఈ రెండింటికిని సంధి కుదుర్చుట నేటికిని తీరని సమస్య.

చేపలచెఱువు కాపుకాయు రైతు నేడును వేసవి తెల్లవాఱుజామున గట్టుమీద నిలిచి నీటినే చూచును. వలయములు కనబడినచో అతని గుండె ఝల్లుమనును. కిక్కిరిసిన చెఱువున అది ప్రాణవాయువు తఱుగుటకు గుర్తు. వెంటనే నీటిని చిలుకు యంత్రము త్రిప్పనిచో, క్రొత్తనీరు పెట్టనిచో, ప్రొద్దెక్కులోపల ఏడాది కష్టము తెల్లగా తేలును. సోమేశ్వరుడు వినోదమునకై నేర్చిన విద్య ఈ రైతునకు జీవన్మరణ సమస్య. నీటిపై లేచు వలయమును చదువ నేర్చినవానినే నీరు కాపాడును. ఆ నీటిని కాపాడు భారము మాత్రము అందఱిదియును.