మేనరికం

ఆమదాలవలస వైపు పెళ్లిమాట రాగానే పెద్దలు అడిగేది ‘మేనరికమా, బయట సంబంధమా?’ అని. మేను అంటే ఒళ్లు. మేనమామ, మేనత్తల్లోని ‘మేన’ దాన్నుంచే వచ్చిందంటారు. చివరి ‘రికం’ పేదరికం, పెద్దరికాల్లో ఉన్నదే.

ఒకే నెత్తురన్న ఎరుక మాటలోనే ఉంది. జన్యువుల లెక్కా అదే చెబుతుంది. బావామరదళ్ల బిడ్డకు సగటున పదహారింట ఒక వంతు జన్యువులు అమ్మ నుంచీ నాన్న నుంచీ ఒకే ప్రతిగా వస్తాయి. మేనమామను చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతు. ఆ ప్రతిలో లోపముంటే జబ్బు బయటపడుతుంది.

అయినా నిందంతా మేనరికం మీద మోపడం అన్యాయం. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ బృందంతో కలిసి ‘నేచర్ జెనెటిక్స్’లో ప్రచురించిన పరిశోధన మన వైశ్యులను ఉదాహరణగా చూపింది. ఎన్నో తరాల కిందట కొద్దిమందితో మొదలై, కులం లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చారు. అందుకే వారిలో కొందరికి ఆపరేషన్‌లో కండరాలు సడలడానికిచ్చే ఒక మందు త్వరగా విరగదు. ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే ఆ మందు మానేస్తారు. కులంలోనే చూసుకున్న ‘బయట సంబంధం’ నిజంగా అంత బయటిదేమీ కాదు.

ఇలా ఒక్క జన్యువు లోపంతో తేలని షుగరు, బీపీల సంగతి వేరు. వందల జన్యు తేడాలు తలా కాస్త చెయ్యి వేస్తాయి, తిండీ జీవనమూ తోడవుతాయి.