వెస్ట్ ఎండ్ హోటల్ (బెంగళూరు)

బెంగళూరు రేస్ కోర్స్ రోడ్డులో, గుర్రప్పందేల మైదానానికి ఎదురుగా ఉన్న పాత హోటల్. 1887లో పది గదుల బోర్డింగ్ హౌస్‌గా మొదలై ప్రస్తుతం ‘తాజ్ వెస్ట్ ఎండ్’ పేరుతో నడుస్తోంది. ఆవరణ సుమారు 20 ఎకరాలు. బెంగళూరు వాడుకలో హోటల్ అంటే ఇడ్లీ, కాఫీ దొరికే చోటు కనుక, పాత రాతల్లో ఈ మాట కనబడితే సందర్భం చూసుకోవాలి. ఇది మొదటినుంచీ బస ఇచ్చే హోటలే.

ఇలాంటి చోటు ఎందుకు పుట్టిందో పబ్బుతో పోల్చి చూస్తే తెలుస్తుంది. ఇంగ్లండులో పబ్బు యజమాని సాధారణంగా మేడమీద కాపురముంటూ కింద బీరు పోసేవాడు. 1809లో ఏర్పడిన బెంగళూరు కంటోన్మెంటులో ఆ ఏర్పాటు అచ్చంగా వేళ్లూనలేదు. తెల్ల సోల్జరుకు రెజిమెంటు క్యాంటీను ఉండేది. దొరలకు మెస్సు, 1868 తర్వాత యునైటెడ్ సర్వీస్ క్లబ్బు (నేటి బెంగళూరు క్లబ్బు) ఉండేవి. ఇక మిగిలింది వచ్చిపోయేవాళ్లు. 1864లో జోలార్‌పేట నుంచి రైలు పడ్డాక మద్రాసు ఎండలు భరించలేక వచ్చేవాళ్లూ, బదిలీ మీద వచ్చి ఇల్లు దొరికేదాకా ఆగవలసిన కుటుంబాలూ పెరిగారు. వీరికి కావలసింది వారాల తరబడి బస, దానితోపాటు భోజనం, సాయంత్రానికో గ్లాసు. ఈ మూడూ ఒకే కప్పు కింద ఇచ్చినవి బోర్డింగ్ హౌస్‌లు. వాటిలో నేటికీ నిలిచి ఉన్నది వెస్ట్ ఎండ్.

స్థాపకురాలిగా మిసెస్ బ్రాన్సన్ అనే ఇంగ్లీషు మహిళ పేరు చెబుతారు. కొన్ని కథనాలు బ్రాన్సన్ కుటుంబం అని మాత్రమే అంటాయి. ఆ రోజుల్లో బోర్డింగ్ హౌస్ నడపడం ఆడవాళ్లు గౌరవంగా చేసుకోగల కొద్దిపాటి వ్యాపారాల్లో ఒకటి కనుక మొదటి మాటే నమ్మదగినదిగా తోస్తుంది. ‘బ్రాన్సన్స్ వెస్ట్ ఎండ్’ అని ఇంటిపేరు కలిపి పిలవడం కూడా దానికి అడ్డు రాదు. పేరులోని వెస్ట్ ఎండ్ లండను మీది బెంగతో పెట్టినదని అనుకోవడం సులువే. అయితే కంటోన్మెంటు పరేడ్ మైదానం దగ్గర నిలబడి చూస్తే హోటలున్న హై గ్రౌండ్స్ ప్రాంతం పడమటి దిక్కునే ఉంటుంది. బహుశా రెండూ కలిసివచ్చి ఉంటాయి.

హోటల్ చరిత్రలో ఎక్కువగా చెప్పుకునేది విన్‌స్టన్ చర్చిల్ సంగతి. ఆయన పేరుతో ఇక్కడ ఒక సూట్ కూడా ఉంది. ఆయన 1896లో నాలుగో హుస్సార్స్ దళంతో బెంగళూరు వచ్చిన మాట నిజం. కానీ కాపురమున్నది హోటల్లో కాదు. రెజినాల్డ్ బార్న్స్, హ్యూగో బేరింగ్ అనే తోటి అధికారులతో కలిసి ఒక బంగళా అద్దెకు తీసుకున్నారని ఆయన ఆత్మకథే చెబుతుంది. పోలో, గులాబీలు, సీతాకోకచిలుకలు, మధ్యాహ్నాల్లో గిబ్బన్ చరిత్ర చదవడం, ఆయన దినచర్య అంతా అక్కడిదే. ఇక ఆయన ఎగ్గొట్టిన 13 రూపాయల బాకీ వెస్ట్ ఎండ్ బారుది అనుకునేవారూ ఉన్నారు. ఆ బాకీ యునైటెడ్ సర్వీస్ క్లబ్బుది. 1899 నాటి బాకీదార్ల పట్టికలో చర్చిల్ పేరు ఉంది, ఆ పుస్తకాన్ని క్లబ్బు ఇప్పటికీ చూపిస్తుంది. భోజనానికో, పానీయానికో ఆయన ఎప్పుడైనా వెస్ట్ ఎండ్‌కు వచ్చి ఉండవచ్చు. అంతకు మించి అనడం అతిశయోక్తి.

1912లో హోటల్ మద్రాసుకు చెందిన స్పెన్సర్ అండ్ కంపెనీ చేతికి వచ్చింది. ఇంటావిడ పర్యవేక్షణ పోయి కంపెనీ మేనేజరు వచ్చిన మలుపు ఇది. 1863లో మౌంట్ రోడ్డు వ్యాపారంగా మొదలైన స్పెన్సర్స్ అప్పటికే దిగుమతి సారాయిలు, డబ్బా తిండి, దిండిగల్ పొగాకు చుట్టలు అమ్ముతూ పేరు తెచ్చుకుంది. తర్వాత దక్షిణాది రైల్వే స్టేషన్లలో ఫలహారశాలలూ నడిపింది. అలాంటి సంస్థకు హోటల్ అంటే తన సరుకును తన బల్ల మీదే వడ్డించుకోవడం. మద్రాసులో కన్నెమరా హోటల్ కూడా అప్పట్లో దానిదే. పాత పద్ధతులు, వాటితోపాటు తెల్ల బట్టల బేరర్ల కొలువూ చాలాకాలం సాగాయంటారు.

1984లో నిర్వహణ ఇండియన్ హోటల్స్ కంపెనీకి, అంటే తాజ్ బృందానికి దక్కింది. కన్నెమరా, ఊటీ సవాయ్ కూడా ఆ ఏడే అదే చేతికి వెళ్లాయి. ఈ కంపెనీకి మూలపురుషుడైన జంషెడ్జీ టాటా పేరు బెంగళూరుకు కొత్త కాదు. 1909లో ఏర్పడిన సైన్స్ సంస్థను ఊరివాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలుస్తూ వచ్చారు. కొత్త నిర్వాహకులు గదులు పెంచినా చెట్లు, పెంకుటి వసారాలు అలాగే ఉంచారు. వసారాల తీరు పాతదైనా, ఇప్పుడు కనబడే కట్టడాలన్నీ 1887 నాటివే అనుకోరాదు.

హోటల్ తాజ్ చేతికి వచ్చిన 1980ల దశకంలోనే నగరంలో చర్చ్ స్ట్రీట్ చుట్టుపక్కల పీపా బీరు పోసే పబ్బులు వెలిసి, బెంగళూరుకు పబ్బుల నగరం అన్న పేరు తెచ్చాయి. వాటికీ వెస్ట్ ఎండ్‌కూ వంశపు సంబంధం ఏమీ లేదు. ఆ పబ్బులకు బీరు అందించిన సంస్థల్లో ఒకటైన యునైటెడ్ బ్రూవరీస్ మాత్రం 1915 నాటిది. వెస్ట్ ఎండ్ స్పెన్సర్స్ చేతికి వచ్చిన మూడేళ్లకు పుట్టింది.