పల్నాటి స్త్రీలు - పాటలో, రాతిలో



కాపరానికి వచ్చిన కొత్తలో నేను కాస్త గొంతు పెంచి మాట్లాడితే మా అత్తగారు, "చాల్లేవే, నాయకురాలు నాగమ్మా!" అనేవారు. మాది మాచర్ల వైపు. నలుగురిలో నోరు విప్పిన ఆడపిల్లకూ, పంపకాల దగ్గర న్యాయం అడిగిన కోడలికీ, మహిళామండలిలో జమాఖర్చులు చూపించమన్న ఇల్లాలికీ మా వైపు ఇదే బిరుదు. మీలోనూ కొందరికి దక్కే వుంటుంది. నేను చాలాకాలం నవ్వి వూరుకున్నాను. ఒకరోజు వుండబట్టలేక, "అత్తయ్యా, నాగమ్మ అలాంటిదని మనకు చెప్పిందెవరు?" అని అడిగాను.

"ఒకరు చెప్పేదేమిటే? భానుమతి వేసింది గదా సినిమాలో!" అన్నారావిడ.

నవ్వకండి. ఆవిడ మాటలో నిజముంది. నాగమ్మ అనగానే మనందరి కళ్లముందు మెదిలేది 1966 నాటి 'పల్నాటి యుద్ధం'లో భానుమతిగారి ముఖమే. ఇంకా పెద్దవాళ్లకైతే 1947 నాటి చిత్రంలోని కన్నాంబగారు. ఆ కనుబొమల విరుపు, ఆ ఠీవి చూసి, నాగమ్మ ఇలాగే వుండేదనుకున్నాం. ఆమె రూపం ఆమె కాలంలో ఎవరైనా చెక్కారా, గీశారా అని మనం అడగలేదు.

సరే, సినిమా సంగతి వదిలేద్దాం. సినిమాకు ఆధారం కథ. ఆ కథ ఎక్కడిది? పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది చివర, కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున జరిగింది. గురజాలలో నలగామరాజు, అతని మంత్రిణి నాగమ్మ ఒకవైపు. మాచర్లలో మలిదేవరాజు, అతని మంత్రి బ్రహ్మనాయుడు ఇంకొకవైపు. దీన్ని ద్విపదలో పెట్టినవాడు శ్రీనాథుడంటారు. ఆయన 15వ శతాబ్దివాడు. అంటే నడుమ రెండున్నర శతాబ్దాలు గడిచాయి. అక్కిరాజు ఉమాకాంతంగారు దాన్ని పరిష్కరించి అచ్చువేయించింది 1911లో. ఇక నోటిపాటగా వున్న కథ వుంది. అలిసెట్టి గాలేయ్య అనే గాయకుడు పాడగా జీన్ రోగెయిర్ అనే అమెరికా పండితుడు టేపు మీదికెక్కించి, ఇంగ్లీషు చేసి, 1982లో పుస్తకంగా తెచ్చాడు. మన పక్కవూరి పాట వినడానికి అంతదూరం నుంచి ఒకాయన రావలసివచ్చింది!

వీరుల పాట పాడేవారు కారంపూడి వీరుల గుడిలో బ్రహ్మనాయుడి పక్షపు వీరులను దేవుళ్లుగా కొలిచేవారు. అది తప్పని నేననను. అయితే ఒక ఇంటి తగవులో ఒకవైపు చుట్టాలనే కూచోబెట్టి అడిగితే రెండోవైపు ఇల్లాలి గురించి ఏం చెబుతారో మనకు తెలియనిదా? కోడిపందెంలో నాగమ్మ మోసం చేసిందన్నది అందరికీ నోటికి వచ్చు. ఓడితే ఏడేళ్లు రాజ్యం విడిచిపోతామని కోడిపుంజు మీద పందెం కాసిన పెద్దమనిషిని మాత్రం ఎవరూ ఒక్క మాటా అనరు. నాగమ్మ పక్షం నుంచి పాట లేదు. తన గురించి ఆమె చెప్పుకున్న మాట మన చేతికి రాలేదు.

పోనీ, ఆ రోజుల్లో ఆడవాళ్లు తమ మాట రాసిపెట్టుకోవడం ఎక్కడ సాగుతుందిలే అని సరిపెట్టుకుందామా? అలా అనుకోవడానికి వీల్లేదు. అదే పల్నాడులో, నాగమ్మకు 900 ఏళ్లకు ముందే, ఆడవాళ్లు తమ పేర్లు తామే రాతిమీద చెక్కించుకున్నారు. అవి చూడాలంటే మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లి, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోవాలి.

అక్కడ 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి వుండేది. 1926లో ఒక బడిపంతులు అక్కడి పాత రాతిస్తంభం గురించి కబురు పంపితే ఆ లోయ పైవారి దృష్టికి వచ్చింది. మరుసటేడు తవ్వకాలు మొదలయ్యాయి. 1955 డిసెంబరు 10న సాగర్ డ్యాముకు శంకుస్థాపన జరిగింది. నీళ్లొచ్చి ముంచేలోగా తీయగలిగినంత తీద్దామని 1960 దాకా ఆ లోయంతా తవ్వారు. దొరికినవి కొండమీదికీ, అనుపుకూ చేర్చారు. మన పొలాలకు వచ్చిన నీళ్ల కింద ఒక రాజధాని వుందన్నమాట.

ఆ రాళ్లమీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృతంలో రాసిన శాసనాలు చదివితే ఒక చిత్రం కనబడుతుంది. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆ ఇంటి ఆడవాళ్లేమో బౌద్ధ భిక్షువులకు చైత్యాలు, విహారాలు కట్టించారు. రాజుగారి చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. అది ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడు రాజైన ఆరో ఏట. ఆ పుణ్యం ఎవరికి చెందాలో కూడా చెప్పించింది: తన ఉభయకులాలకు, అంటే పుట్టింటికీ మెట్టినింటికీ. గడిచిపోయినవారికీ, వున్నవారికీ, పుట్టబోయేవారికీ కూడా! అది చదివినప్పుడు, శ్రావణమాసం నోముల్లో మనం రెండిళ్ల క్షేమం కోరుకోవడం నాకు గుర్తొచ్చింది.

ఇంకొక తమాషా. వీరపురుషదత్తుడు పెళ్లాడింది మేనత్త కూతుళ్లను. మేనరికానికి ఇంతకంటే పాత సాక్ష్యం ఏం కావాలి? రాజుల పేర్లకు ముందు తల్లి పేరు వుంటుంది. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. అలాగని అప్పుడు ఆడవాళ్లదే రాజ్యమని చంకలు గుద్దుకోకండి. గద్దెమీద కూచున్నది మగవాళ్లే.

ఇవన్నీ రాణుల ముచ్చట్లంటారా? అయితే బోధిసిరి సంగతి వినండి. ఈవిడ రాణి కాదు, గృహపతుల కుటుంబంలోని ఉపాసిక. సింహళపు భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. దాంతో ఆగక, ఎక్కడ గదులు కట్టించిందో, ఎక్కడ మండపం వేయించిందో, ఎక్కడ చెరువు తవ్వించిందో అంతా పద్దు రాసినట్లు రాయించింది. అందులో కృష్ణాజిల్లా ఘంటసాల కూడా వుంది. ఆ తరువాత బంధువుల జాబితా: భర్త, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, తాతలు... మా అత్తగారికి చదివి వినిపిస్తే, "ఇది శాసనమా, శుభలేఖా?" అన్నారు.

రాతిమీద వుంది గనుక అంతా ప్రమాణమే అనుకోనక్కర్లేదు. కోట్ల బంగారం, లక్షల గోవులు దానమిచ్చాడని రాజుగారిని పొగిడారు. శుభలేఖలో బిరుదులు వేసుకున్నట్లే అదీను. ఆ దానాల వెనక చాకిరీ చేసిన ఆడవాళ్ల పేర్లు ఏ రాతిమీదా లేవు. అయినా చెప్పింది ఎవరో, ఎప్పుడో మనకు తెలుస్తోంది. నాగమ్మ కథలో లేనిది అదే.

మ్యూజియానికి వెడితే రెండు బొమ్మలు మరిచిపోకుండా అడిగి చూడండి. ఒకటి చాంతమూలుడి ఛాయాస్తంభం. ఆయన పోయాక తల్లులు, తోబుట్టువులు, రాణులు కలిసి నిలిపింది. రాజుగారి బొమ్మలున్న ఆ రాతిమీద ఏడ్చినవాళ్ల పేర్లు కూడా వున్నాయి. రెండోది తల లేని ఒక అమ్మవారి మూర్తి. దానిమీద ఎహువుల చాంతమూలుడి రాణి ఖందువుల పేరు వుంది. పేరుకు ముందు రెండు మాటలు: అవిధవ, జీవపుత్ర. ముత్తయిదువ, బిడ్డలు బతికివున్న తల్లి. రాణిగారైనా చెప్పుకోదలచిన భాగ్యం అదే కాబోలు. నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక పిల్లలు బళ్లో "పల్నాటి చరిత్ర" రాసుకొస్తున్నారు. మా మనవరాలి నోటుబుక్కులో "నాగమ్మ కుట్రల వల్ల యుద్ధం జరిగెను" అని ఒక వాక్యం వుంది. కొట్టేయమనలేదు నేను. పక్కన "అని పాటలో చెబుతారు" అని రాసుకోమన్నాను.

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవం అయిదు రోజులు జరుగుతుంది. అందులో కోడిపోరు రోజున అత్తగారిని తీసుకుని వెళ్లాను. జనంలో నిలబడి అంతా చూసి, తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడకుండా కూచున్నారు. దాచేపల్లి దాటాక నావైపు తిరిగి, "అవునే, పందెంలో గెలిచిన పుంజు నాగమ్మదే గదా?" అన్నారు.