నలభై రెండో రోజు

అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టని మనిషి, మాల తీసిన మర్నాడే మందు షాపు ముందు తేలడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు. ‘దీక్షలో మానగలిగినవాడు ఇప్పుడెందుకు మానలేడు?’ అని ఇంట్లోవాళ్లు వాపోతారు. దీక్షలో అతను ఒంటరిగా లేడు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, చుట్టూ తనలాంటి స్వాములు. మాల తీయగానే ఆ తోడు చెదిరిపోయింది. మరి నలభై రెండో రోజున పక్కన ఎవరుండాలి? ఈ ప్రశ్నకు తాగి మానినవాళ్లే జవాబు వెతుక్కున్నారు. ఆ వెతుకులాటకు 180 ఏళ్లు దాటాయి.

అది మొదలైంది తాగే చోటే. 1840 ఏప్రిల్‌లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, చేజ్ టావెర్న్ అనే మద్యం కొట్టులో కలిసి తాగే ఆరుగురు ఇక ముట్టబోమని ఒట్టు పెట్టుకుని, జార్జి వాషింగ్టన్ పేరిట సంఘం పెట్టారు. అప్పటిదాకా మద్యం వద్దని ఎక్కువగా చెప్పింది మతబోధకులు, పెద్దమనుషులు. ఈ సభల్లో మాత్రం తాగి మానినవాడే లేచి తన కథ చెప్పేవాడు, ఇంకొకణ్ని వెంటబెట్టుకొచ్చేవాడు. 1842 ఫిబ్రవరి 22న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వీళ్ల సభలో మాట్లాడిన అబ్రహాం లింకన్, తిట్లకన్నా స్నేహమే మనిషిని మారుస్తుందన్నాడు. సభ్యులు లక్షల్లో చేరారు. అయితే నిషేధ చట్టాల గొడవలు, లోపలి తగాదాలు సంఘాన్ని చీల్చాయి. పదేళ్లు తిరక్కుండానే అది దాదాపు కనుమరుగైంది.

1935 మే నెలలో న్యూయార్క్‌కు చెందిన బిల్ విల్సన్ వ్యాపార పనిమీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ వెళ్లాడు. మందు మాని అయిదు నెలలైంది. తలపెట్టిన బేరం చెడింది. మేఫ్లవర్ హోటల్‌లో ఒకపక్క బార్‌లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి, మరోపక్క చర్చిల జాబితా కనిపిస్తోంది. మాట్లాడటానికి ఇంకో తాగుబోతు దొరక్కపోతే తను మళ్లీ తాగుతానని తోచి, ఫోన్ అందుకున్నాడు. ఒకరు మరొకరి పేరు చెప్పగా, చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి దారి దొరికింది. పావుగంటలో లేచిపోదామని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆయన చివరిసారి తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది. ఆ పేరు మాత్రం 1939లో అచ్చయిన పుస్తకం నుంచి వచ్చింది.

1941 మార్చి 1న శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో జాక్ అలెగ్జాండర్ వ్యాసం వచ్చాక ఉత్తరాలు వెల్లువెత్తాయి. రెండు వేలున్న సభ్యులు ఆ ఏడాది చివరికి సుమారు ఎనిమిది వేలయ్యారు. పెరిగేకొద్దీ వాషింగ్టన్ సంఘం గతి బిల్‌ను వెంటాడింది. రాజకీయాల జోలికి పోకూడదు, బయటివాళ్ల డబ్బు తీసుకోకూడదు, పత్రికల్లో సభ్యుల పూర్తి పేరు రాకూడదు లాంటి పన్నెండు సంప్రదాయాలను 1946లో ప్రచురించారు, 1950లో ఆమోదించారు. దీక్షలో ప్రతివాడూ ‘స్వామి’ అయినట్టే ఇక్కడ డాక్టరూ కూలీ ఒక్కటే. ఇంటిపేరుతో పనిలేదు. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో బిల్ భార్య లోయిస్ చొరవతో అల్-అనాన్ ఏర్పడింది. దేవుడి ప్రస్తావన లేని దారి కావాలన్నవాళ్లకు 1994లో స్మార్ట్ రికవరీ వచ్చింది.

మన దేశంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ 1957లో బొంబాయిలో వేళ్లూనింది. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో చికిత్సా కేంద్రం ప్రారంభించి, కుటుంబాన్నీ వైద్యంలో భాగం చేశారు. తెలుగునాట కథ మరో దారిలో నడిచింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండోది 1997లో సడలిపోయింది. కొట్టు మూయించడం ఊరి పోరాటం. పొద్దున లేవగానే వణికే చేతుల పోరాటం వేరు, దానికి వేరే గది కావాలి.

ఆ గది ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్. అక్కడ పెద్ద తతంగమేమీ ఉండదు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్లకే. ఓపెన్ మీటింగ్‌కు ఇంట్లోవాళ్లూ రావచ్చు. ఫీజు లేదు, ఇష్టమైతే చందా వేయొచ్చు. మొదటిరోజు మాట్లాడకుండా విని వచ్చినా ఎవరూ ఏమనరు. మందు చాలాకాలంగా, విపరీతంగా తాగినవాళ్లు మాత్రం ముందు డాక్టరును కలవాలి, ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఈ గదులు పనిచేస్తాయా అన్నదానికి 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషులను పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష జవాబిచ్చింది. ఈ సంఘం పాటించే పన్నెండు మెట్ల పద్ధతికి పకడ్బందీగా మళ్లించే కార్యక్రమాల వల్ల పూర్తిగా మానేసి ఉండేవాళ్లు ఇతర చికిత్సలకన్నా ఎక్కువని తేల్చింది.

ఏక్రన్‌లో బిల్ ఎవరెవరికో ఫోన్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు 14446 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, ఆన్‌లైన్‌లో మీటింగులూ దొరుకుతున్నాయి. ఆ మీటింగుల్లో జీవితాంతం మానేస్తానని ఒట్టు వేయించరు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉండమంటారు. వాళ్ల లెక్కలో నలభై రెండో రోజూ ఒక్కరోజే.