కరణంగారింటి పొయ్యి

బాపట్ల నుంచి గుంటూరు వెళ్ళే దారిలో ఏడో మైలు దగ్గర బస్సు దిగి, రేగడి మట్టిలో నడిచి ఒకప్పుడు చేరాల్సి వచ్చిన ఊరు జిల్లెళ్ళమూడి. వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకోవాల్సి వచ్చేది. అలాంటి ఊరికి జనం వేలల్లో వెళ్ళారంటే కారణం అక్కడి కరణంగారి భార్య. పండితుడు వెళ్ళినా పాలేరు వెళ్ళినా ఆవిడ ముందు అడిగేది భోజనం సంగతే. వేదాంతం ఉంటే గింటే ఆ తర్వాత.

ఆ కరణంగారి భార్య అనసూయాదేవి 1923 మార్చి 28న మన్నవలో సీతాపతిశర్మ, రంగమ్మ దంపతులకు పుట్టారు. తల్లి పసితనంలోనే పోయింది. 1936 మే 5న బాపట్లలో బ్రహ్మాండం నాగేశ్వరరావుగారితో పెళ్ళయింది. కాపురానికి వచ్చారు, ముగ్గురు బిడ్డల్ని కన్నారు, ఇంటెడు చాకిరీ చేశారు. కాషాయం కట్టలేదు, ఇల్లు వదల్లేదు. ఊళ్ళోవాళ్ళూ పైవాళ్ళూ ‘అమ్మ’ అన్నారు. నాగేశ్వరరావుగారు ‘నాన్నగారు’ అయ్యారు. శిష్యులంటూ ఎవరూ లేరు, అందరూ బిడ్డలే. జీవితచరిత్రల్లో మహిమలకు దక్కినంత చోటు వంటశాలకు దక్కలేదని నాకు ఎప్పటినుంచో ఒక ఫిర్యాదు. ఈ సంచికలో నాకిచ్చిన నాలుగు పేజీలూ అందుకే పొయ్యికి ఇస్తున్నాను.

కథ అమ్మ పెట్టిన భోజనశాల అన్నపూర్ణాలయంతో మొదలు కాలేదు. అంతకు చాలా ముందే, కొత్త కోడలి రోజుల్లో, అమ్మ ఊళ్ళో ఒక ఏర్పాటు చేశారు. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. అలా ఇంటింటా పోగైన గింజలు ఒకచోట చేర్చి, లేనివాళ్ళకు అందించాలి. చందా అడిగితే మగవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, లెక్కలూ మాటలూ వస్తాయి. పిడికెడు బియ్యం అయితే పూర్తిగా ఆడవాళ్ళ చేతిలో పని. ఎవరి సంసారమూ దానివల్ల కుంగిపోదు. కుండలో తగ్గిన ఆ కాస్త ఎవరికీ తెలియను కూడా తెలియదు. కరణీకం ఇంట్లో ఉండి శిస్తుల బాధలూ గాదెల సంగతులూ రోజూ వింటున్న మనిషికే తట్టే ఆలోచన ఇది. ఆ తర్వాత వచ్చిన సంస్థలన్నిటికీ మూలం ఇక్కడ ఉందనే నా నమ్మకం.

1950లలో చూడవచ్చేవాళ్ళు పెరిగారు. ఎవరొచ్చినా అమ్మే వండి, అమ్మే వడ్డించే పద్ధతి కొంతకాలం సాగింది. వచ్చేవాళ్ళకు వేళాపాళా లేదు. ఏడో మైలు నుంచి నడిచి వచ్చినవాడు ఆకలితోనే వస్తాడు, ఊళ్ళో హోటలా పాడా! ఒక ఇంటి వంటగదికి అది మించిన భారం. 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం మొదలైంది. వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వంతులవారీగా పనిచేసే మనుషులు. కులం అడగరు, ఎందుకొచ్చావని అడగరు. మన ఊళ్ళలో పంక్తి భేదం మామూలుగా నడిచే కాలంలో అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టడం చిన్న సంగతి కాదు. దాని మీద ఉపన్యాసాలు లేవు, విస్తళ్ళు వేశారంతే.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు అంతకు ముందే ఈ దారి తొక్కారు. 1909లో ఆవిడ పోయేదాకా లంకల గన్నవరంలో ఆ ఇల్లు అన్నార్తులకు తెరిచే ఉంది. అయితే సీతమ్మగారిది ఒక ఇంటి దాతృత్వం. జిల్లెళ్ళమూడిలో అది ఇల్లు దాటి, పదిమంది మోసే సంస్థ అయింది.

1973 ఏప్రిల్ 12న అమ్మ స్వర్ణోత్సవం. ఆ రోజు లక్ష మందికి భోజనం పెట్టారు. రోడ్డు సరిగా లేని పల్లెలో, ఏప్రిల్ ఎండలో, లక్ష విస్తళ్ళు! మనిషికి పావుకిలో బియ్యం వేసుకున్నా ఇరవై అయిదు వేల కిలోలు, అంటే రెండు వందల యాభై క్వింటాళ్ళు. కూరలు, కట్టెలు, నీళ్ళు దీనికి అదనం. గాడిపొయ్యి తవ్వి వంట చేసిన అనుభవం ఉన్నవాళ్ళకు ఆ లెక్క వింటేనే చెమట పడుతుంది. మా వైపు పెద్ద పెళ్ళిలో వెయ్యిమందికి వండితేనే వంటవాళ్ళు వారం రోజులు చెప్పుకుంటారు.

అంతకు రెండేళ్ళ ముందే, 1971లో, ఊళ్ళో సంస్కృత పాఠశాల వచ్చింది. అదే మాతృశ్రీ ఓరియంటల్ కళాశాలగా ఎదిగింది. ఆడపిల్లలూ మగపిల్లలూ అక్కడే ఉండి చదివారు, అన్నపూర్ణాలయంలోనే తిన్నారు. చదువుకూ పొయ్యే ఆధారమైంది. అమెరికా రచయిత రిచర్డ్ షిఫ్‌మన్ అమ్మ మీద ‘మదర్ ఆఫ్ ఆల్’ రాశాక పై దేశాల్లోనూ ఊరి పేరు వినపడింది.

కష్టాలు ఆ ఇంటినీ వదల్లేదు. కూతురు హైమ 1968లో చిన్నవయసులోనే పోయింది. ఆమె పేర హైమాలయం వెలిసింది. 1981లో నాన్నగారు, 1985 జూన్ 12న అమ్మ వెళ్ళిపోయారు. మనిషి పోతే ఆశ్రమాలు వెలవెలబోవడం చూస్తూనే ఉన్నాం. ఇక్కడ మరునాడూ పొయ్యి వెలిగించక తప్పలేదు, ఎందుకంటే హాస్టల్లో పిల్లలున్నారు. శ్రీ విశ్వజననీ పరిషత్ ఇప్పటికీ ఆ బాధ్యత చూస్తోంది.

1973లో గరిటె తిప్పినవాళ్ళలో, బకెట్లు పట్టుకుని బంతుల మధ్య పరుగెత్తినవాళ్ళలో ఇంకా ఉన్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. బియ్యం ఎవరు తెచ్చారు, నీళ్ళు ఎక్కడినుంచి తోడారు, ఎన్ని పొయ్యిలు తవ్వారు అన్నది వాళ్ళే చెప్పగలరు. వచ్చే సంచికకు వాళ్ళ దగ్గర కూర్చుని రాయించండి, పేర్లతో సహా.