దత్తమండలాల్లో రాబడి అంచనా: మన్రో లెక్కల విధానం

కడప జిల్లా గండి వద్ద పాపాఘ్ని కొండను చీల్చుకొని ప్రవహిస్తుంది. అక్కడ థామస్ మన్రోకు బంగారు తోరణం కనిపించిందన్న ఐతిహ్యం నేటికీ వినిపిస్తుంది. ఆయన కచ్చేరీ లెక్కలను మాత్రం జనం తలచుకోరు. పరిశోధకులు కూడా రైత్వారీని భూమి హక్కుల కోణంలో చూచినంతగా ఆర్థిక ప్రణాళికగా చూడలేదనే చెప్పాలి.

1800లో నిజాం నుండి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలకు మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరు. సర్వే గొలుసు పొడవు 33 అడుగులు. అటువంటి గొలుసు చదరాలు 40 కలిస్తే ఎకరం. కొలత కంటె శిస్తు అంచనాయే క్లిష్టమైనది. మదింపుదారులు పొలం పొలానికీ విలువ కట్టి పైకి పంపేవారు. కలెక్టరు పాత లెక్కలతో సరిపోల్చి ప్రాంతం మొత్తానికి రావలసిన రాబడిని నిర్ణయించి, దానిని గ్రామాలకు, పొలాలకు పంచేవాడు. కింది అంచనాకూ పై మొత్తానికీ పొంతన కుదర్చడమే ఇందలి నైపుణ్యం; నేటి వాణిజ్య సంస్థల బడ్జెట్ విభాగాలు చేసే పనీ ఇదే. అయితే కరణం దాచిన పొలం ఏ పట్టికలోనూ కనిపించదు.

1807లో మన్రోయే సర్వే శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలని సిఫారసు చేశాడు. తొలి అంచనా రైతు మోయగలిగిన దానికంటె ఎక్కువని అంగీకరించినట్లే. ప్రభుత్వం వినలేదు, గ్రామాలను మొదట మూడేళ్లకు, పిదప పదేళ్లకు గుత్తకిచ్చింది. 1820లో మన్రో గవర్నరుగా తిరిగి వచ్చిన తరువాతనే ఆ తగ్గింపు రైతుకు అందింది.