సోరియాసిస్ మందుకి పాస్ మార్కు ఎంత?

మండే ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా విప్పని ఫ్రెండ్ మీకూ ఉండే ఉంటాడు. కొందరికి అది స్టైల్ కాదు. మోచేతుల మీద పొలుసులు ఎవరూ చూడకూడదని. అదే సోరియాసిస్. ముందే చెప్పేస్తున్నా, ఇది అంటుకోదు.

దీని మందుల కథలో మనోడు ఒకాయన ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన టీమ్ అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. 1948లో దాన్ని పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడి చూశారు. అదే ఏడాది ఆయన చనిపోయారు. తర్వాత 1951లో గబ్నర్ అనే డాక్టర్ దాన్ని కీళ్లవాతానికి ఇచ్చి చూస్తుంటే, సోరియాసిస్ కూడా ఉన్న పేషెంట్‌కి చర్మం బాగుపడటం కనిపించింది. వెతికింది ఒకటి, దొరికింది ఇంకోటి! దానికి తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ని డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు.

సరే, "తగ్గింది" అంటే ఎంత తగ్గినట్టు? 1978లో ఫ్రెడ్రిక్సన్, పెటర్సన్ అనే ఇద్దరు పాసీ అనే స్కోరు పెట్టారు. ఎరుపు, మందం, పొలుసులు, ఎంత మేర పాకింది, అన్నీ కలిపి 0 నుంచి 72 దాకా. స్కోరు 75 శాతం తగ్గితే "పాసీ 75". చాలా ఏళ్లు పాస్ మార్కు ఇదే.

నాకు బాగా నచ్చింది 2008లో వచ్చిన ఒక ట్రయల్. బయోలాజిక్ ఇంజెక్షన్ అడాలిముమాబ్, పాత మెథోట్రెక్సేట్, ఉత్తుత్తి మందు, మూడూ పక్కపక్కన. 16 వారాలకి పాసీ 75 దాటినవాళ్లు: ఇంజెక్షన్‌తో దాదాపు 80 శాతం, మెథోట్రెక్సేట్‌తో 36, ఉత్తుత్తి మందుతో 19. ఏ మందూ లేకుండానే వందలో 19 మంది! ఈ జబ్బు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది మరి. "మా లేహ్యంతో తగ్గింది" అనే వీడియోలు చూసేటప్పుడు ఈ 19 గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత పోటీ ఉత్తుత్తి మందుతో ఆగలేదు, బయోలాజిక్‌కీ బయోలాజిక్‌కీ మధ్యకి వచ్చింది. 2014లో సెకుకినుమాబ్ 77, ఎటానెర్సెప్ట్ 44. 2018లో వచ్చిన రిసాంకిజుమాబ్ ట్రయల్స్‌లో పాస్ మార్కే పాసీ 90కి పెరిగింది, అయినా దాదాపు 75 శాతం మంది దాటారు.

కానీ ఆ స్కోర్లో మొదటి మాట చూశారా? ఎరుపు. మన చామనఛాయ ఒంటి మీద ఈ మచ్చ చాలాసార్లు ఊదాగానో, ముదురు గోధుమరంగులోనో కనిపిస్తుంది. ఎరుపు కోసం చూసే కన్ను జబ్బుని తక్కువ అంచనా వేస్తుంది. పైగా పెద్ద ట్రయల్స్‌లో ఎక్కువమంది తెల్లవాళ్లే. తెల్లవాళ్లు కానివాళ్ల చర్మం మీదే ప్రత్యేకంగా గుసెల్కుమాబ్‌తో "విజిబుల్" అనే ట్రయల్ మొదలైంది 2022లో. అంటే పాసీ పుట్టిన 44 ఏళ్లకి.